కాశమ్మ మొలకల పిండి

ఓబులేసుకు అన్నీ తొందరే. మఠంలో చేరిన రోజే, పన్నెండేళ్ల సాధన పన్నెండు రోజుల్లో ముగిస్తే పదమూడో రోజు ఎలా పొద్దుపోతుందా అని దిగులుపడ్డ మనిషి. మిట్టమధ్యాహ్నం బండ మీద ఒంటికాలిపై నిలబడి జపం చేసేవాడు. ఆ జపానికి బండకే బొబ్బలెక్కేవి. మూడేళ్లు గడిచినా లోపల మాత్రం ఏదీ కరగలేదు.

"సామీ, నాలో ఇంకా ఏం తక్కువ?" అని గురువు సిద్ధప్పను రోజుకు నూరుసార్లు అడిగేవాడు. సిద్ధప్ప నూరుసార్లూ నవ్వి ఊరుకునేవాడు.

ఆ వారం, మఠానికి విస్తళ్లు కుట్టిచ్చే కాశమ్మవ్వకు జ్వరం వచ్చింది. గొంతు పుండై నాలుగు రోజులుగా మెతుకు దిగలేదు. ఇవాళైనా తినకపోతే మనిషి దక్కదన్నాడు వైద్యుడు. రాగిజావ కాచే పని ఓబులేసు మీద పడింది.

కాచాడు, గునపం గుచ్చితే నిలబడేంత చిక్కగా.

"జావ అడిగితే గోడకు మెత్తే మన్ను తెచ్చినావా నాయనా?" అంది కాశమ్మ, మింగలేక.

నీళ్లు పోస్తే జారుతుంది. కానీ ఆమె తాగగలిగేది మూడు గుక్కలు. అందులో రెండు నీళ్లే అయితే బలమెక్కడిది?

జ్వరానికి ముందు కాశమ్మే రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, తిరగలిలో విసిరిన పిండి ఒక డబ్బాడు మఠానికిచ్చింది. అది కలిపితే ఎంత చిక్కటి జావైనా పలచబడుతుందట. ఓబులేసు రెండు కుండల్లో మళ్లీ జావ పెట్టి, కుతకుతలాడుతుండగానే రెండింట్లోనూ గరిటెడేసి పిండి వేశాడు. పలచబడలేదు. మంట పెంచాడు. మూడూళ్ల అవతల కాకులు లేచిపోయేంత మంట. జావ ఇంకా బిగిసింది. ఓబులేసుకు ఏడుపొక్కటే తక్కువ.

సిద్ధప్ప వచ్చి కుండలు రెండూ దించి, పక్కన కూర్చున్నాడు.

"చల్లారిపోతే ఇంకేం పనవుతుంది సామీ?"

"వేలు పెట్టు."

చుర్రుమంది. కాసేపాగి మళ్లీ పెట్టించాడు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేదాకా వేలు ఓర్చుకున్నాక, ఒక కుండలో చెంచాడు పిండి వేసి కలిపాడు. ఆకు వక్క నమిలేలోపు గునపం నిలిచే జావ గరిటె మీంచి నూనెలా జారింది.

అందులోంచి గరిటెడు తీసి రెండో కుండలో కలిపాడు. నిదానంగా అదీ జారసాగింది.

"ఒక కుండ పని చేసొచ్చినా ఈ పిండి అరిగిపోలేదా సామీ?"

"అరగలేదు. కొంచెమే వేసినాం కదా, తీరిగ్గా చేస్తుంది."

"మరి నేను వేసిన పిండి?"

"అదీ ఈ డబ్బాలోదే. కుతకుతలాడే దాంట్లో వేసి నువ్వు బతకనియ్యలేదు."

కాశమ్మ గిన్నెడు జావ తాగి, ఓబులేసుకు చేతులు జోడించబోయింది. అతను ఆ చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

"నేనేం చేసినానని నాయనా?"

"పిండి నీదే కదవ్వా."

మర్నాడు మధ్యాహ్నం బండ ఖాళీగా ఉంది. ఓబులేసు నీడన కూర్చుని, నానబోసేందుకు రాగులు చెరుగుతున్నాడు.

"ఎప్పటికి మొలకెత్తుతాయి?" అన్నాడు సిద్ధప్ప.

"ఎత్తినప్పుడే సామీ."

సిద్ధప్ప ఈసారి నవ్వలేదు. పక్కన కూర్చుని రాళ్లు ఏరసాగాడు.