గుట్ట వెనక నగారా

వరద వస్తే హెచ్చరించడానికి మంత్రి కోటబురుజు మీద నగారా పెట్టించాడు. దాని పక్కనే నిలబడి విని, రాజ్యమంతా వినిపిస్తుందని తేల్చేశాడు. అది మోగేదాకా ఎవరూ ఇల్లు కదలొద్దని చాటింపు వేయించాడు.

ఏరు పొంగింది. గుట్ట వెనక పల్లె కొట్టుకుపోయింది.

"నగారా మోగింది ప్రభూ, వాళ్లే కదల్లేదు," అన్నాడు మంత్రి.

మొగుణ్ణి పోగొట్టుకున్న బుట్టలల్లే పోలమ్మ చేతులు జోడించింది. "మారాజా, మంత్రిగారు ఒక్కపూట మా గుడిసె ఉన్నచోట కూర్చోవాలి. నగారా వినగానే లేచొస్తే తప్పు మాదే."

మంత్రి ధీమాగా వెళ్లాడు. నగారా మోగించారు. ఆయన రాలేదు. మళ్లీ మోగించారు. చివరికి రాజే పోలమ్మతో గుట్ట దాటాడు.

బురదలో కూర్చున్న మంత్రి విసుక్కున్నాడు. "ఇంకెప్పుడు మోగిస్తారు ప్రభూ?"

పోలమ్మ కళ్లొత్తుకుంది. "మా ఆయనా ఇక్కడే కూచుని ఇదే అడిగాడు మారాజా."