దివానుగారి తొలిపోటు

కోటముందు విజయస్తంభానికి గుంట తవ్వమన్నాడు దివాను రంగప్పయ్య. పనివాడు ఓబులేసు గునపం దించి, "రాజుగారి స్నానాలగదికి నీళ్లు తీసుకెళ్లే మట్టిగొట్టాలు ఈ కిందే ఎక్కడో ఉన్నాయి దొరా. నీటికావలి తాతని పిలిస్తే సున్నంతో గీత గీసి చూపిస్తాడు," అన్నాడు.

"గొట్టమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. తవ్వరా!" గదిమాడు దివాను.

"చిత్తం. పని చెప్పినవారే తొలిపోటు వెయ్యాలి, అది మా ఆచారం." ఓబులేసు గునపం అందించాడు. దివాను దర్జాగా పైకెత్తాడు.

"రాజుగారిప్పుడు తలంటుకుంటున్నారట. కళ్లనిండా కుంకుడు నురగేనట. కానివ్వండి దొరా!"

ఎత్తిన గునపం గాల్లోనే ఆగి, మెల్లగా కిందికి దిగింది.

"ఆ తాతని పిలవండి," గొణిగాడు దివాను.

తాత గీసుకొచ్చిన సున్నపుగీత దివానుగారి చెప్పుల దగ్గరకొచ్చి ఆగింది. ఓబులేసు చేతులు కట్టుకుని వినయంగా అన్నాడు:

"కాస్త జరగండి దొరా. రాజుగారి నీళ్లమీద నిలబడ్డారు."