సామాన్ల గది దాకా

విజయనగరంలో వయొలిన్ నేర్పే పైడిరాజు మాస్టారు, శిష్యుడు అడిగిన ప్రశ్నకు అడిగిన చోటే జవాబు చెప్పే మనిషి కాదు. "పద, చూద్దాం" అని లేస్తారు. తీగలు ఊరికే తెగిపోతున్నాయని మొరపెట్టుకున్న ఒకమ్మాయి ఇంటికి వెళ్ళి, ఎండ పడే కిటికీలోంచి వయొలిన్ పెట్టె తీసి నీడకు చేర్చి, ఇంకేమీ మాట్లాడకుండా కాఫీ తాగి వచ్చేశారట.

ఆ శనివారం మధ్యాహ్నం త్రినాథ్ పాఠానికి వచ్చేసరికే మండిపోతున్నాడు. రెండు వరసలు వాయించి కమాను పక్కన పెట్టేశాడు.

"గురువుగారూ, ఇంటినిండా మనుషులున్న చోట అందరికీ నెట్ సరిగ్గా అందాలంటే ఎలాంటి రౌటర్ కొనాలి? మీరే చెప్పండి. నేను చెబితే మా ఇంట్లో ఒక్కరికీ తలకెక్కడం లేదు."

కోపం ఊరికే రాలేదు. అతని వదిన సుభాషిణి ఇంటి నుంచి చేసుకునే ఉద్యోగానికి ప్రయత్నిస్తోంది. కస్టమర్లతో ఫోన్లో మాట్లాడే పని. పోయిన వారం పరీక్షగా పెట్టిన కాల్‌లో ఆమె గొంతు ముక్కలు ముక్కలై ఆగిపోయింది. కంపెనీవాళ్ళు ఇంకొక్క అవకాశం ఇచ్చారు, ఈ రోజు మూడు గంటలకు. ఇదీ పోతే వేరేవాళ్ళను చూసుకుంటామన్నారు. ఆ రోజు నుంచి త్రినాథ్‌కు వదిన మాటలకు బదులు గిన్నెల చప్పుడే వినిపిస్తోంది.

"నేనేమీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు" అన్నాడతను, ఫోన్లో లెక్క చూపిస్తూ. "ఫోన్లు ఏడు, లాప్‌టాప్‌లు రెండు, టీవీ ఒకటి. మొత్తం పది. హాల్లో, పడగ్గదుల్లో, ఆఖరికి డాబా మీద కూడా నిలబడి స్పీడు కొలిచాను. పాతది ఈ బరువు మోయలేదు. నాలుగు యాంటెన్నాలది తెస్తానంటే, 'ముందు కిందికొచ్చి చూడు' అంటుంది వదిన. చూడ్డానికి ఏముంది అక్కడ?"

మాస్టారు వయొలిన్ పెట్టె మూసి చంకన పెట్టుకున్నారు. "పద, చూద్దాం."

హాల్లో త్రినాథ్ నాన్న టీవీ ముందు రిమోట్ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. "రండి మాస్టారూ! మావాడు తిప్పుతున్న చక్రం చూద్దురు గాని. పొద్దుట్నుంచీ టీవీలో కాసేపు బొమ్మ, కాసేపు చక్రం. 'నెట్ సంగతి నాకొదిలేయండి' అన్న పెద్దమనిషి వీడే."

త్రినాథ్ పళ్ళు కొరుక్కుంటూ మాస్టారిని మేడ మీద తన గదికి తీసుకెళ్ళాడు. రౌటర్ అతని మంచానికి పైన, అలమరలో ఉంది. బిగించడానికి వచ్చినతనికి ఆ చోటు చూపించింది అతనే. మాస్టారు సరిగ్గా దాని కింద కూర్చున్నారు. ఈ గది తలుపు రోజూ ఎలా ఉంటుందని అడిగి, మూసే ఉంటుందంటే అలాగే మూయమన్నారు.

"నేను వాయిస్తుంటాను. నువ్వు కిందికి వెళ్ళి, ఎక్కడిదాకా వినబడుతుందో అక్కడిదాకా నడిచి రా."

"శబ్దం వేరు, సిగ్నల్ వేరు గురువుగారూ. రెండూ ఒకలా ప్రయాణించవు."

"నాకు ఫిజిక్సు చెప్పమని అడిగానా? నడువు."

మెట్ల మీద వయొలిన్ చక్కగా వినబడింది. హాల్లో టీవీ మోత కింద నలిగింది. వంటగది గడప దగ్గరికి వచ్చేసరికి సన్నటి పోగై మిగిలింది. ఫోన్ పట్టుకుని స్పీడు కొలిచిన రోజు త్రినాథ్ ఈ గడప దగ్గరే వెనక్కి తిరిగాడు. ఈ రోజూ తిరిగేవాడే. కానీ పోగు ఇంకా తెగలేదు, గురువు మాట అంతదాకా నడవమని. విసుక్కుంటూ, స్టవ్ దగ్గరున్న అమ్మను దాటుకుని వెళ్ళి, వెనక సామాన్ల గది తలుపు తోశాడు. అక్కడ వయొలిన్ లేదు.

బియ్యం డ్రమ్ము మీద ఒక పాత లాప్‌టాప్. దాని ముందు పీట మీద, చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని వదిన. తెర మీద చక్రం తిరుగుతోంది.

"ఏం మరిదిగారూ, దారి తప్పారా?"

"ఇక్కడి నుంచా వదినా నువ్వు మాట్లాడేది?"

"మరి ఎక్కడి నుంచి? హాల్లో టీవీ. పడగ్గదిలో పిల్లల ట్యూషను. నోరు విప్పితే నా గొంతు నాకు వినబడేది ఈ ఇంట్లో ఇక్కడొక్కచోటే." ఆమె లాప్‌టాప్ అంచు మీద వేలితో కొట్టింది. "మొన్న అందరి ముందూ పది అని గొప్పగా చదివావే, ఆ పదిలో ఇది ఉందా? మా అక్కనడిగి తెచ్చుకున్నాను. నెల నుంచి ఈ ఇంట్లోనే ఉంది. కిందికొచ్చి చూడమంటే యాంటెన్నాల కథ చెప్పావు. నా కాల్ పోతే నీకేం పోయింది? నువ్వు ఇంకో డబ్బా కొనుక్కుంటావు."

త్రినాథ్ తలెత్తి చూశాడు. గోడ గడియారంలో మూడు కావస్తోంది. రెండేసి మెట్లు ఎక్కి పైకి పరుగెత్తాడు. వాయిస్తున్న మాస్టారి నెత్తి మీంచి వంగి రౌటర్ ఊడబీకాడు, వెనక చుట్ట చుట్టి ఉన్న వైరు మెట్ల మీదుగా లాగుతూ దిగాడు.

"మెట్ల మీద వైరేంట్రా? తట్టుకుని పడతాం!" నాన్న అరిచాడు.

"చూసి నడవండి!" అతనూ అరిచాడు.

అమ్మ మాట్లాడకుండా పప్పు డబ్బాలు జరిపి సామాన్ల గది తలుపు పక్క అరలో చోటిచ్చింది. ప్లగ్గు పెట్టగానే రౌటర్ దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. "వస్తోందా వదినా?" అని అతను తల లోపలికి పెట్టబోతే, ఆమె కాలితో తలుపు తోసేసింది. మూసిన తలుపు వెనక నుంచి, తడబాటు లేని గొంతు: "నమస్కారం సార్. బాగా వినబడుతోంది. చెప్పండి."

త్రినాథ్ అలాగే నిలబడ్డాడు. పొద్దుట్నుంచీ ఇంట్లో అందరి మీదా పంచిన కోపం ఇప్పుడు తన ఒక్కడి మీదికే తిరిగింది. మాస్టారు దిగి వచ్చేసరికి లెక్క సరిచేసుకుని సిద్ధంగా ఉన్నాడు.

"తప్పు నాదే గురువుగారూ. పది కాదు, పదకొండు. సాయంత్రమే వెళ్ళి పదకొండింటికీ సరిపడేది తెచ్చేస్తాను."

స్టవ్ దగ్గర అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ ఏదో అనబోయి, ఎప్పటిలాగే ఊరుకుంది. అది చూసిన మాస్టారి ముఖం ఎర్రబడింది.

"మళ్ళీ నిలబడ్డ చోటి నుంచే లెక్క కట్టావు. మీ అమ్మకేం కావాలో అడిగావా?" అన్నారు.