గోధుమరంగు గీత

అన్యాయం జరిగింది గవరమ్మకు, శ్రావణమాసం రెండో బుధవారం నాడు, సంతలో. చేసింది ఆమెతో పాటే పుట్టగొడుగుల పెంపకం నేర్చుకున్న నీలవేణి. "దాని సరుకు తింటే వాంతులే" అని నలుగురిలో అనేసింది. ఆ పూట గవరమ్మ బుట్ట నిండుగా వెళ్ళి నిండుగానే తిరిగొచ్చింది. అది అబద్ధమని తేలాక కూడా వాళ్ళ మహిళా సంఘంలోని ఆడవాళ్ళు నీలవేణిని ఏమీ అనలేదు. బుద్ధులన్నీ గవరమ్మకే చెప్పారు. దెబ్బ తిన్నదానికి నీతులు చెప్పడం తేలిక కదా. "పోనీలేవే, నవ్వుతూ ఉండు. మళ్ళీ ఇద్దరూ ఒకే పాకలో పుట్టగొడుగుల సంచులు పెట్టుకోండి. ఆ మొహం అలా బిగించుకుంటే ఎలా?"

గవరమ్మ ఆ బిగించుకున్న మొహంతోనే, తమ ఇద్దరికీ పని నేర్పిన పైడితల్లమ్మగారి దగ్గరకు వెళ్ళింది. ఆవిడ అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ముందు చేతికి పని చెబుతుంది.

"అమ్మా, నాలో ఈ గట్టిదనం ఉండటం తప్పా? తీసేసుకోవాలా?"

పచ్చబూజు పట్టిన సంచిని ఎవరైనా దూరంగా తీసుకెళ్ళి పాతిపెడతారు. ఆవిడ మాత్రం రెండింటిని విడి గదిలో అట్టేపెట్టింది. వాటి పక్కలు చీల్చి చూపించింది. ఒకవైపు సంచిలోని గడ్డిని అల్లుకున్న పుట్టగొడుగు తెల్లపోగులు, మరోవైపు వాటిని తినడానికొచ్చిన పచ్చబూజు. వచ్చింది పరాయిది కాదు, పుట్టగొడుగులాగే అదీ బూజు జాతే. రెండూ ఎదురుపడిన చోట తెల్లపోగులు ముదిరి, మాడిన అట్టు అంచులా గోధుమరంగు గీత కట్టాయి.

"చూడ్డానికి బాగాలేదు కదూ? ఒకదాంట్లో గీకెయ్యి," అంది గురువు.

గవరమ్మ చెంచాతో శ్రద్ధగా గీకింది. లోపల తెల్లగా, మెత్తగా, ముచ్చటగా తేలింది.

నాలుగోరోజు వచ్చి చూస్తే ఆ సంచి అంతా పచ్చే. గీత ఉన్న సంచిలో మాత్రం బూజు గీత అవతలే ఆగిపోయింది. ఇవతల గుండుసూది తలలంత మొగ్గలు.

గవరమ్మ చాలాసేపు వంగి చూసింది. "అమ్మా, అడ్డుకున్నది సరే. మరి ఈ తెల్లది బూజు మీదికి ఎగబడలేదేం?"

"దానికి కాపుకొచ్చే పనుంది."

"మరి సంఘానికి ఏం చెప్పను? రేపు అడుగుతారు."

"నీ నోరు, నీ ఇష్టం. చెంచా మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకు."

మర్నాడు గవరమ్మ తన సంచులను వేరే పాకలోకి మార్చుకుంది. గురువుగారిని అడిగి తెచ్చుకున్న గీత ఉన్న సంచిని కూడా అక్కడే పెట్టి, దానికి కట్టిన చీటీ మీద స్వయంగా రాసింది: మొదటి కోత, సెప్టెంబరు తొమ్మిది.