ఉప్పు వేసిన ఐసుపెట్టె

అనగనగా సముద్రం పక్కన ఒక రేవు ఊళ్ళో సూరాయమ్మ అనే ఆవిడ గోలీ సోడాలు అమ్మేదిరా కన్నా. బండి ఆమెది కాదు, షావుకారుది. ఆమెకున్నదల్లా బంగారి అనే కూతురు. నీ అంత ఉండేది, నీకంటే మొండిది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. సోడా ఇంకా చల్లగా కావాలని జనం సతాయించారు. అప్పుడు షావుకారు, చేపలవాళ్ళలాగా ఐసులో ఉప్పు కలిపి సీసాలు పాతిపెట్టమన్నాడు. ఉప్పు పడితే ఐసు మరీ చల్లబడుతుంది. లోపల సోడా గడ్డకట్టి సీసా పగులుతుందని సూరాయమ్మ మొత్తుకుంది. భయమైతే బండి వదిలేసి పొమ్మన్నాడు. వాడి పిల్లలు నీడపట్టున ఉన్నారు మరి, వాడికేం పోయింది?

మొదటిరోజు పెట్టెలో ఢామ్మని ఒక సీసా పేలింది. మర్నాడు ఇంకోటి పేలి, మూత సందులోంచి గాజుపెంకు వచ్చి ఆమె చెవి కోసింది. ఆ తర్వాత ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకునే మూత ఎత్తేది.

మూడోరోజు ఆమె నీళ్ళు మోసుకొచ్చేసరికి పెట్టె తెరిచి ఉంది. బంగారి ఒక సీసాను పొట్టకి ఆనించుకుని, బొటనవేలితో గోలీ నొక్కుతోంది. గోలీ దిగట్లేదు.

అరిస్తే పిల్ల ఉలిక్కిపడి సీసా జారవిడుస్తుంది. అందుకని సూరాయమ్మ గొంతు పెంచకుండా అంది, "బంగారీ, నా తల్లీ, వేలు తియ్యి. మెల్లిగా ఇసకలో పడుకోబెట్టు, పాపాయిని పడుకోబెట్టినట్టు."

"పాపాయి చల్లగా ఉందే అమ్మా."

"దానికి చలేస్తోంది. నేను దుప్పటి కప్పుతా, నువ్వు నా వెనక్కి రా."

సీసాని ఇసకలో పడుకోబెట్టి పిల్ల వచ్చింది. అప్పుడు సూరాయమ్మ సీసా మీద తడి గోనెసంచి కప్పి, మొహం తిప్పుకుని, గోనె మీదుగానే గోలీ నొక్కింది. బుస్సుమంది. పేలలేదు. గోనె తీసి చూస్తే, సోడా మెత్తటి మంచుముద్దై మూతి దాకా పొంగింది. బంగారి వేలితో తీసి నాకి, ఇంకా కావాలంది.

జనం మూగి మాకూ అన్నారు. ఇంకా సీసాలు పాతమన్నాడు, అప్పుడే వచ్చిన షావుకారు.

"నీ బండి నువ్వు తీసుకుపో," అంది సూరాయమ్మ.

ఆ తర్వాత ఆమె తన సత్తుగిన్నెలో సుగంధి షర్బతు పోసి, ఉప్పు ఐసులో కూర్చోబెట్టి, మూత లేకుండా గరిటెతో తిప్పింది. మూత లేనిది పేలదు కదా. గిన్నె నిండా మంచుముద్ద తేలింది. ఆ రేవులో ఐసు షర్బతు అలా పుట్టిందిరా.

అయినా ఎక్కడ సోడా బుస్సుమన్నా, బతికినంతకాలం ఆమె చెయ్యి కూతురి చెయ్యిని వెతుక్కునేది.

కంచికి నడిచింది మన కథ,
కళ్ళు మూసుకో, ఇక చాలు సొద.