సుద్దమీద నల్లగీత

నూకరత్నం రైలు పట్టాల పనిలో చేరి నాలుగు నెలలు. ఆమెకు పని నేర్పుతున్న తవిటమ్మ పాతికేళ్లుగా పట్టాల వెంట నడుస్తోంది. కాగితాల్లో తవిటమ్మ హోదా, రోజూ పట్టాలు తనిఖీ చేసే కీమ్యాన్. ఈ పని ఆడది చేస్తుందని ఆ పేరు పెట్టినవాళ్లకు తోచినట్టు లేదు.

మొన్న మలుపు దగ్గర పట్టామీద గోరంత పగులు చూశానని నూకరత్నం చెప్పింది. సూపర్‌వైజర్ కామేశ్వర్రావు నిలబడే చూసి, అది నీ తలవెంట్రుక, జడ గట్టిగా వేసుకో అన్నాడు. గ్యాంగంతా నవ్వింది. ఈరోజు ఆ ముక్క బాగానే ఉందని డైరీలో సంతకం పెట్టమన్నాడు. పదకొండింటికి పాసింజరు వస్తుంది.

"నా కళ్లని ఎవరూ నమ్మరు పిన్నీ. ఏం చెయ్యను?"

తవిటమ్మ కిరసనాయిలు సీసా, సుద్దముక్క, సుత్తి తీసుకుని మలుపు దగ్గరికి నడిచింది. తమాషా చూద్దామని సూపర్‌వైజరూ వెనకే వచ్చాడు.

ఆమె పట్టాను గుడ్డతో రుద్ది, కిరసనాయిలు పోసి, పక్కనే కూర్చుంది. పది నిమిషాలు కదల్లేదు. పూజలు ఇంట్లో చేసుకోవాలి అన్నాడాయన, గడియారం చూసుకుంటూ. తవిటమ్మ నూనెను పొడిగా తుడిచి, సుద్ద పులిమి, సుత్తితో మెల్లగా తట్టింది.

పగుల్లో ఇంకిన నూనె ఊరి, తెల్లటి సుద్దమీద సన్నటి నల్లగీత తేలింది.

"నూనె మరక," అని సూపర్‌వైజర్ జేబురుమాలుతో తుడిచేశాడు.

తవిటమ్మ సుద్దముక్కను నూకరత్నం చేతిలో పెట్టింది. నూకరత్నం మోకాళ్లమీద వంగి సుద్ద పులిమింది, తట్టింది. గీత మళ్ళీ అక్కడే లేచింది. ఆయన మళ్ళీ తుడిచాడు. ఆమె మళ్ళీ పులిమింది. మళ్ళీ వచ్చింది.

ఈసారి ఆయన చెయ్యి చాచేలోపు నూకరత్నం స్కేలు ఆనించింది. ఇరవై రెండు మిల్లీమీటర్లు. మొన్నటి గోరంతకి రెట్టింపు. డైరీ తీసి అంకె వేసి, కింద సంతకం పెట్టింది.

సూపర్‌వైజర్ గొంతు తగ్గింది. "ముందు బండిని పోనీ. ఆ సంగతి రేపు చూద్దాం."

నూకరత్నం ఆయన వైపు చూడలేదు. ఎర్రజెండా విప్పుకుని బండి వచ్చే దిక్కుకు నడిచింది.

తవిటమ్మ తన చేతిలోని మసిగుడ్డను ఆయనకు అందించింది.

"మీ రుమాలు పాడైపోయింది సార్. దీంతో తుడుస్తూ ఉండండి. మేం బండి ఆపి వస్తాం."