పచ్చగుడ్డ కింద

మీరావలికి ఒకటే బెంగ. తన గురువు దేవుణ్ణి నమ్ముతాడు గానీ బ్యాటరీని నమ్మడు.

గురువు పేరు మదార్ సాహెబు. నది సముద్రంలో కలిసే చోట, పీర్లంక అనే ఇసుక దిబ్బ మీదున్న దర్గాని ఆయనే చూసుకునేవాడు. దర్గాకొక తెరచాప పడవ ఉంది. ఇంజను లేదు. లంకలో ఎవరికి జబ్బు చేసినా, ఎవరికి నొప్పులొచ్చినా ఆ పడవే ఒడ్డుకి చేర్చాలి. పడవలో ఒక బ్యాటరీ. తెరచాప కొయ్యకి కట్టిన దీపం వెలగాలన్నా, అడుగున చేరిన నీళ్ళు తోడే మోటారు తిరగాలన్నా అదే దిక్కు.

ప్రతి శుక్రవారం నమాజు కాగానే సాహెబు పానా పట్టుకుని పడవలోకి దిగేవాడు. బ్యాటరీ బుడిపెల మీంచి వైర్లు విప్పి, గరుకు కాగితంతో గీకి, వ్యాజలీను పూసి, మళ్ళీ బిగించేవాడు. బిగించాక, బడిపిల్లాడి చెవి మెలేసినట్టు వైరుని ఓసారి గుంజి చూసేవాడు.

"అంత అపనమ్మకం ఏంటి హజ్రత్? పోయిన శుక్రవారం బిగించిందేగా?"

"పోయిన శుక్రవారం నమాజు చేశావుగా. ఇవాళ మళ్ళీ ఎందుకు చేశావురా?"

జవాబు దొరకనప్పుడల్లా మీరావలికి టీ పెట్టడం గుర్తొస్తుంది. ఆ రోజూ గుర్తొచ్చింది.

వేసవికల్లా సాహెబు కళ్ళకి పొర కమ్మింది. పానా శిష్యుడి చేతికొచ్చింది.

"వైర్ల కొసనున్న క్లిప్పులు అరిగిపోయాయి. ఒడ్డుకెళ్ళి కొత్తవి తే. సీసపువే తే. ఉప్పుగాలికి ఇత్తడి ఆగదు."

కొట్లో సీసపు క్లిప్పులు నల్లగా, ఏడుపు మొహాలేసుకుని ఉన్నాయి. పక్కనే ఇత్తడివి, పెళ్ళికొడుకు ఉంగరాల్లా మెరిసిపోతున్నాయి. మనవాడు ఏవి కొన్నాడో వేరే చెప్పాలా?

అక్కడితో ఆగినా బాగుండేది. పీరుగారి సమాధి మీంచి తీసిన పాత చాదర్ అంచు చింపి, రెండు క్లిప్పులకీ చుట్టి, గట్టిగా ముడేశాడు. పచ్చటి గుడ్డ.

"ఇక పీరుగారే చూసుకుంటారు," అన్నాడు చేతులు దులుపుకుని.

పడవెక్కినవాళ్ళంతా ఆ గుడ్డని తాకి కళ్ళకద్దుకోసాగారు. ఒకావిడ మల్లెపూలు పెట్టింది. ఒకాయన కొబ్బరికాయ కొట్టబోతే మీరావలే అడ్డం పడ్డాడు, బ్యాటరీకి తడి తగలకూడదని. అంత జాగ్రత్త! అలాంటి ముడిని వారం వారం విప్పడానికి ఎవరికి చేతులొస్తాయి? మీరావలికి రాలేదు. హాయిగా కునుకు పట్టే శుక్రవారం మధ్యాహ్నాలు మరీ రాలేదు.

వానలు మొదలయ్యాయి.

ఒక సాయంత్రం, వలలు అల్లే సైదులుకి జ్వరం ముదిరి ఊపిరాడలేదు. భార్య అంకమ్మ అతన్ని పడవలోకి ఎక్కించింది. ఎక్కుతూ పచ్చగుడ్డని తాకి, ఆ చేతిని మొగుడి గుండె మీద పెట్టింది.

సాహెబు చుక్కాని పట్టాడు. కళ్ళు మసకైనా గాలి ఎటుందో ఆయన చెంపకి తెలుస్తుంది. సగం దూరం బాగానే వెళ్ళారు. అక్కడ్నించి అలలు పడవలోకి దూకడం మొదలెట్టాయి.

"మోటారు వెయ్యరా!"

మీరావలి మీట నొక్కాడు. మోటారు ఒక్కసారి మూలిగి ఊరుకుంది. మళ్ళీ నొక్కాడు. ఈసారి మూలగనూ లేదు. మీట కట్టేసి పైకి చూశాడు. కొయ్య మీద దీపం ఎప్పటిలా వెలుగుతోంది.

"దీపం బాగానే ఉంది హజ్రత్! బ్యాటరీది కాదు, మోటారే చచ్చింది!"

నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. తెరచాప దించేశారు. చుక్కాని వదిలేసి ఇద్దరూ రేకుడబ్బాలతో తోడసాగారు. పడవ ముందుకి పోవడం మానేసింది. అంకమ్మ నీళ్ళలో కూర్చుని, మొగుడి తల తడవకుండా ఎత్తి పట్టుకుంది. "ఇంకెంత దూరం సాయిబుగారూ?" అని అడుగుతూనే ఉంది. తర్వాత అడగడం మానేసింది.

ఒడ్డుకి చేరేసరికి వైద్యుడితో పని లేకపోయింది.

సైదులుని మట్టి చేసి వచ్చిన మర్నాడు, సాహెబు శిష్యుణ్ణి పడవలోకి పిలిచాడు.

"దీపం వెయ్యి."

వెలిగింది.

"చూశారా హజ్రత్, నేను చెప్పలే..."

"ఇప్పుడు మోటారు వెయ్యి. మీట వదలకు."

మోటారు మూలిగింది. దీపం ఎర్రబడింది, సన్నబడింది, ఆరిపోయింది.

"దీపానికి సరిపోయే కరెంటు మోటారుకి చాలట్లేదురా," అంటూ సాహెబు తడుముకుంటూ వచ్చి బ్యాటరీ ముందు కూర్చున్నాడు. ముడి విప్పడం మొదలెట్టాడు.

"హజ్రత్, అది పీరుగారి చాదర్..."

ఆయన ఆగలేదు. ముడి ఊడింది. గుడ్డ తీశాక కూడా అక్కడ గుడ్డ ఉన్నట్టే ఉంది. అంతే పచ్చగా, మందంగా, తడిగా ఇత్తడికి పట్టిన కిలుము. క్లిప్పు వేలితో తాకితే పక్కకి ఒరిగింది.

సాహెబు ఆ చాదర్ ముక్కతోనే కిలుము తుడవసాగాడు. తుడిచి, పిండి, మళ్ళీ తుడిచాడు. మీరావలి చూస్తూ నిలబడ్డాడు. టీ సంగతి గుర్తుకి రాలేదు.



"నేనే కట్టాను హజ్రత్. తప్పు నాది."

సాహెబు గుడ్డని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కట్టింది నువ్వు. రోజూ పడవెక్కుతూ తడిమి, కళ్ళకద్దుకుని ఊరుకున్నది నేను."

శిష్యుడి భుజం పట్టుకుని లేచాడు.

"పద. అంకమ్మకి ఇద్దరం చెప్పాలి."

మీరావలి వంగి పానా అందుకున్నాడు. ఒరిగిన క్లిప్పుని విప్పి, దాన్ని గుప్పిట్లో పట్టుకుని, గురువు వెనకాలే ఇసుకలోకి దిగాడు.